తోక వంకర అని ఎవరన్నారు?

ఇవాళ్టి టాపిక్ తోక. నవ్వకండి. నిజంగానే తోక. ఈ ఎపిసోడ్ అంతా తోకల గురించే.

ఇది మా మేనల్లుడి వల్ల మొదలైంది. ఎనిమిదో క్లాసు చదువుతున్నాడు. జంతువుల ఫొటోలంటే వాడికి పిచ్చి. మొన్న ఆదివారం ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మామయ్యా, నెట్‌లో తప్పు రాశారు" అన్నాడు. ఏంట్రా అంటే రెండు ఫొటోలు చూపించాడు.

మొదటిది రింగ్ టెయిల్డ్ లెమర్. మడగాస్కర్ అనే కార్టూన్ సినిమాలో కింగ్ జూలియన్ అని ఒకడు డాన్స్ చేస్తుంటాడు, గుర్తుందా? అదే జంతువు. తోక పొడవునా ఒక నలుపు పట్టీ, ఒక తెలుపు పట్టీ, మళ్ళీ నలుపు, మళ్ళీ తెలుపు. సరే, రింగులు కనిపిస్తూనే ఉన్నాయి. రెండోది ఆస్ట్రేలియాలో ఉండే రింగ్ టెయిల్ పోసమ్. దాని తోక మీద ఒక్క రింగు కూడా లేదు. పైన బూడిద రంగు, చివర తెలుపు. అంతే.

"రింగులు లేకుండా రింగ్ టెయిల్ ఏంటి మామయ్యా?"

నిజం చెప్పాలంటే నేనూ తెల్లమొహం వేశాను. ఇద్దరం కూర్చుని ఇంగ్లీషు డిక్షనరీ చూశాం. అక్కడ దొరికింది అసలు విషయం. ఆ ఒక్క మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, తోక మీద రింగుల్లాంటి రంగు పట్టీలు ఉన్న జంతువు. రెండు, తోకనే రింగులా చుట్టుకునే జంతువు. లెమర్ మొదటి రకం. పోసమ్ రెండో రకం. నెట్‌లో తప్పేం లేదు. ఒకే మాట రెండు వేరు వేరు తోకల మీద కూర్చుంది.

ఇప్పుడు ఇదే తెలుగులో చెప్పండి చూద్దాం. మనకి ఈ ఇబ్బంది లేదు. కట్లపాము తెలుసు కదా? ఒంటి మీద తెల్లటి కట్లు కట్లుగా ఉంటాయి కాబట్టి కట్లపాము. అంటే రంగు పట్టీలకి మనకి ఎప్పటి నుంచో మాట ఉంది, కట్లు. ఇక తోకనే గుండ్రంగా చుట్టుకుంటే దాన్ని చుట్ట అంటాం. పాము చుట్ట చుట్టుకుంది అంటాం. కుండ కింద పెట్టేది చుట్టకుదురు. హరికథల్లో, పాత సినిమాల్లో హనుమంతుడు రావణుడి సభలో తోకని చుట్టలు చుట్టుకుని సింహాసనంలా కూర్చుంటాడు చూడండి, ఆ చుట్ట.

కాబట్టి లెమర్‌ది కట్ల తోక. పోసమ్‌ది చుట్ట తోక. ఇవి నిఘంటువులో ఉన్న పేర్లు కాదు. నేనూ మా వాడూ సోఫాలో కూర్చుని పెట్టుకున్నవి. కానీ వినగానే తేడా తెలుస్తోంది కదా?

తేడా ఒక్క ఆకారంలోనే కాదు. ఈ రెండు తోకలూ చేసే పని వేరు. కట్ల తోక చూపించడానికి. చుట్ట తోక పట్టుకోవడానికి. ఒకటి జెండా, రెండోది చెయ్యి.

ముందు జెండా సంగతి చూద్దాం.

లెమర్లు సహజంగా ప్రపంచం మొత్తం మీద మడగాస్కర్‌లోనే ఉంటాయి. ఆఫ్రికా పక్కన పెద్ద దీవి అది. రింగ్ టెయిల్డ్ లెమర్లు ఆ దీవికి దక్షిణం వైపు, నైరుతి వైపు బతుకుతాయి. తోక దాని ఒంటి కంటే పొడుగు. దాదాపు పాతిక పట్టీలు ఉంటాయి, నలుపూ తెలుపూ కలిపి. చివరిది మాత్రం ఎప్పుడూ నలుపే. మిగతా లెమర్లు ఎక్కువగా చెట్ల మీదే ఉంటే, ఇది నేల మీద కూడా చాలా తిరుగుతుంది. గుంపుగా నడిచేటప్పుడు ఒక్కొక్కటీ తోకని నిటారుగా పైకెత్తి నడుస్తాయి. గడ్డిలో, పొదల్లో ఒళ్ళు కనిపించకపోయినా ఈ నలుపు తెలుపు తోకలు కనిపిస్తూనే ఉంటాయి. తీర్థంలో పిల్లలు తప్పిపోకుండా ముందు నడిచేవాళ్ళు జెండా పట్టుకుంటారే, అలాగన్నమాట. గుంపుకి పెద్ద ఎవరో తెలుసా? ఆడ లెమర్. తిండి దగ్గర, చోటు దగ్గర ఆడవాటి మాటే చెల్లుతుంది.

మగ లెమర్లు గొడవ పడే పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. వాటి మణికట్టు దగ్గర వాసన గ్రంథులుంటాయి. ఆ మణికట్టుకి తోకని బాగా రుద్దుకుని, ఎదుటివాడి మొహం వైపు ఊపుతాయి. ఎవడు ముందు తట్టుకోలేక వెనక్కి తగ్గితే వాడు ఓడిపోయినట్టు. కొరుక్కోవడం, రక్కుకోవడం చాలావరకు లేకుండానే గొడవ తెగిపోతుంది. కంపు కొట్టి గెలవడం. మన కామెంట్ సెక్షన్ గుర్తొచ్చిందా? నాకూ గుర్తొచ్చింది.

అయితే ఆ కట్లు ఎలా పడతాయి? తోక మీద చుక్కలు ఎందుకు ఉండవు? దీనికి లెక్కల్లో ఒక అందమైన సమాధానం ఉంది. అలన్ ట్యూరింగ్ పేరు వినే ఉంటారు. కంప్యూటర్ సైన్స్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకడు. ఆయన 1952లో జంతువుల ఒంటి మీద డిజైన్ల గురించి ఒక పేపర్ రాశాడు. ఐడియా ఏంటంటే, పిండం పెరిగేటప్పుడు చర్మంలో రెండు రసాయనాలు వేరు వేరు వేగాలతో పాకుతాయి అనుకోండి. ఒకటి "రంగు వెయ్యి" అంటుంది. ఇంకోటి "ఆగు" అంటుంది. ఆ రెండిటి తోపులాటలో చుక్కలో చారలో వాటంతట అవే తయారవుతాయి.

తర్వాత జేమ్స్ ముర్రే అనే గణిత శాస్త్రవేత్త ఈ లెక్కని తోకల దాకా తీసుకెళ్ళాడు. ఒళ్ళు విశాలంగా ఉంటుంది, చుక్కలు పట్టడానికి చోటుంటుంది. తోక సన్నటి గొట్టం. అంత సన్నటి చోట చుక్క పడబోతే చుట్టూ తిరిగి తన్ను తానే కలిసేసుకుంటుంది. అదే రింగు. అందుకని ఆయన లెక్క ప్రకారం, చుక్కల ఒళ్ళున్న జంతువుకి చారల తోక ఉండొచ్చు. చారల ఒళ్ళున్న జంతువుకి చుక్కల తోక మాత్రం రాదు. చిరుత పులి కాదు, చీతా ఫొటో తీసి చూడండి. ఒళ్ళంతా చుక్కలు, తోక చివరికొచ్చేసరికి రింగులు. పెద్దపులిని చూడండి. ఒంటి మీదా చారలే, తోక మీదా కట్లే.

ఇంత దూరం మడగాస్కర్ వెళ్ళామా, ఇప్పుడు మన తిరుపతికి రండి. పునుగు పిల్లి. తిరుమల వెంకన్నకి శుక్రవారం అభిషేకంలో వాడే పునుగు తైలం దీని నుంచే వస్తుంది. తిరుపతి ఎస్వీ జూలో వీటిని పెంచుతారు. పేరులో పిల్లి ఉంది గానీ ఇది పిల్లి జాతి కాదు. దీన్ని ఒకసారి ముర్రే కళ్ళతో చూడండి. ఒంటి మీద వరసగా చుక్కలు. తోక మీద నలుపు తెలుపు కట్లు. లెక్క మన శేషాచలం అడవిలో కూడా తప్పలేదు.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. అప్పుడప్పుడు ఊళ్ళో ఎవరింటి అటక మీదో ఒక జంతువు దొరుకుతుంది. వెంటనే "పునుగు పిల్లి దొరికింది" అని వీడియో వైరల్ అవుతుంది. తోక చూడండి. కట్లు ఉంటే పునుగు పిల్లి. కట్లు లేకుండా తోక నల్లగా ఉంటే అది చాలావరకు మానుపిల్లి. ఏదైనా సరే, రెండూ చట్టం కాపాడే జంతువులే. కర్ర తీయకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి.

ఇప్పుడు రెండో తోక. చెయ్యిలా పనిచేసే చుట్ట తోక.

ఆ ఆస్ట్రేలియా పోసమ్ ఉంది కదా, కిలో బరువు కూడా సరిగ్గా ఉండదు. రాత్రిపూట తిరుగుతుంది. యూకలిప్టస్ ఆకులు తింటుంది. తోక చివర అడుగు భాగంలో బొచ్చు ఉండదు, జారకుండా కొమ్మని పట్టుకోడానికి. గూడు కట్టుకునేటప్పుడు చెట్టు బెరడు, ఆకులు, గడ్డి తోకలో చుట్టుకుని మోసుకెళ్తుంది. మనం సంచి మోచేతికి తగిలించుకుంటాం చూడండి, అలాగ. పని లేనప్పుడు తోక చివర చుట్టగా చుట్టి పెట్టుకుంటుంది. ఆ చుట్ట చూసే ఇంగ్లీషువాళ్ళు రింగ్ టెయిల్ అన్నారు.

మన కోతికి ఆ విద్య లేదు తెలుసా? మన ఊళ్ళలో తిరిగే కోతి గానీ కొండముచ్చు గానీ తోకతో కొమ్మ పట్టుకుని వేలాడలేదు. కార్టూన్లలో చూపించే తోక మీద వేలాడే కోతులు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా కోతులు. మనవి తోకని బ్యాలెన్స్ కోసం వాడుకుంటాయి.

ఇంకో జీవి ఉంది. దీన్ని చూశాక మా మేనల్లుడు లేచి గంతులేశాడు. సముద్ర గుర్రం. దాని తోక ఎముక పలకలతో కట్టిన రింగుల వరస. అవే రింగులతో ఆ తోక చుట్టలా చుట్టుకుంటుంది. అంటే డిక్షనరీలో ఉన్న రెండు అర్థాలూ దాదాపు ఒకే తోకలో. పైగా ఆ రింగులు గుండ్రంగా ఉండవు, నాలుగు పలకల చతురస్రాలు. 2015లో శాస్త్రవేత్తలు త్రీడీ ప్రింటర్‌తో చతురస్రం తోక ఒకటి, గుండ్రటి తోక ఒకటి చేసి నొక్కి, మెలిపెట్టి చూశారు. చతురస్రం తోకే ఎక్కువ దెబ్బకి తట్టుకుంది, పట్టు కూడా దానికే బాగుంది. సముద్ర గుర్రానికి ఈత అంతంతమాత్రం. అలలు తోసేస్తే కొట్టుకుపోతుంది. అందుకే సముద్రపు గడ్డికి తోక చుట్టుకుని గట్టిగా పట్టుకుంటుంది. దానికి తోక అలంకారం కాదు, ప్రాణం.

ఇక మన ఊసరవెల్లి. ఇక్కడ కూడా మనం పేరు దగ్గర తప్పులో కాలేస్తాం. కంచె మీద తల ఊపే తొండని చూసి ఊసరవెల్లి అనేస్తాం. గుర్తుపట్టడం తేలిక. తోక చూడండి. తొండ తోక పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. ఊసరవెల్లి తోక కొమ్మని పట్టుకుంటుంది, లేకపోతే చక్రంలా చుట్టుకుని ఉంటుంది. నెమ్మదిగా, ఒక అడుగు వేసి ఆగి, ఊగి, ఇంకో అడుగు వేస్తుంది. పాపం, దాన్ని చూస్తే అపశకునమనీ, విషమనీ రాళ్ళు వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానికి విషం లేదు.

రంగులు మార్చడం కూడా మోసం చేయడానికి కాదు. ఎండ కావాలంటే ముదురు రంగు, కోపం వస్తే ఒక రంగు, జత కావాలంటే ఒక రంగు. అది దాక్కోవడం కంటే ఎక్కువగా మాట్లాడటం. నోరు లేని జీవి చర్మంతో మాట్లాడుతోంది. మనం దాన్ని "అవకాశవాది" అన్నాం.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. మన తెలుగులో మనిషిని తిట్టడానికి రెండు చుట్ట తోకలు వాడతాం. మారకపోతే "కుక్క తోక వంకర" అంటాం. మారితే "ఊసరవెల్లి" అంటాం. మరి మనిషి ఏం చేయాలండీ? మారాలా, మారకూడదా?

కుక్క దగ్గరికి వద్దాం. ఎపిసోడ్ మొదటి నుంచి నేను చెప్పాలనుకున్నది దీని గురించే.

కుక్క తోకని గొట్టంలో పెట్టి ఏళ్ళ తరబడి ఉంచినా, తీయగానే మళ్ళీ వంకరే అంటారు. సంస్కృతంలో కూడా కుక్కకి వక్రపుచ్ఛం అనే పేరుంది. వంకర తోకది అని. అంటే ఈ సామెత వెనకున్న చూపు చాలా పాతది. అర్థం ఏంటి? కొందరి బుద్ధి పుట్టుకతో వచ్చింది, అది మారదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. కుక్క ఎక్కడి నుంచి వచ్చింది? తోడేలు నుంచి. తోడేలు తోక ఎలా ఉంటుంది? వంకరగా ఉండదు. తిన్నగా, కిందికి వేలాడుతూ ఉంటుంది. మరి వంకర ఎప్పుడొచ్చింది?

1959లో రష్యాలో, సైబీరియాలోని నోవోసిబిర్స్క్ దగ్గర, ద్మిత్రీ బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. బొచ్చు కోసం పెంచే వెండి రంగు నక్కలు తీసుకున్నాడు. ఆయనతో పాటు ల్యుద్మిలా త్రూట్ అనే ఆవిడ. అప్పటికి కుర్ర శాస్త్రవేత్త. రూలు ఒక్కటే. బోను దగ్గరికి మనిషి వెళ్తే ఏ నక్క తక్కువ భయపడుతుందో, తక్కువ కోపపడుతుందో, దాన్నే తర్వాతి తరానికి ఎంచుకోవాలి. తోక చూడలేదు. చెవులు చూడలేదు. రంగు చూడలేదు. స్వభావం ఒక్కటే.

కొన్ని తరాలకి నక్కలు మనిషిని చూసి తోక ఊపడం మొదలుపెట్టాయి. చేతులు నాకాయి. తర్వాత, ఎనిమిది పది తరాలు వచ్చేసరికి, ఎవరూ కోరుకోని మార్పులు కొన్నిట్లో కనిపించాయి. ఒంటి మీద తెల్లమచ్చలు. వేలాడే చెవులు. పైకి చుట్టుకున్న తోకలు. అవును, వంకర తోకలు.

బెల్యాయెవ్ 1985లో చనిపోయాడు. త్రూట్ ఆ పనిని దశాబ్దాల పాటు నడిపింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, అది కూడా చెప్పాలి. 2019లో కొందరు శాస్త్రవేత్తలు ఈ ప్రయోగాన్ని ప్రశ్నించారు. ఆ నక్కల పూర్వీకులు కెనడా ఫారాల నుంచి వచ్చినవనీ, అవి అప్పటికే తరాలుగా మనుషుల మధ్య పెరిగినవనీ, కొన్ని లక్షణాలు ముందే ఉండి ఉండాలనీ అన్నారు. అంటే మచ్చిక ఒక్కటే అన్నిటికీ కారణమా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఒక విషయంలో గొడవ లేదు. తోడేలుకి లేని వంకర కుక్కకి వచ్చింది. అడవిపంది తోక తిన్నగా ఉంటుంది, ఊరపందికి చుట్ట వచ్చింది. వేల ఏళ్ళ నాటి ఈజిప్టు బొమ్మల్లో వేటకుక్కల తోకలు అప్పటికే చక్కగా చుట్టుకుని ఉన్నాయి. ఈ వంకర మనిషి పక్కన బతకడం మొదలయ్యాక వచ్చినది.

ఒకసారి ఆలోచించండి. అడవిలో మందతో తిరిగిన జంతువు. మనిషిని చూస్తే పారిపోయే జంతువు. అది నిప్పు దగ్గరికొచ్చింది, గుమ్మం దగ్గర పడుకుంది, మన పిల్లల్ని కాపలా కాసింది, మన మొహం చూసి మనసు తెలుసుకోవడం నేర్చుకుంది. కనీసం పదిహేను వేల ఏళ్ళ మార్పు అది. మనిషి కోసం కుక్క మారినంతగా ఇంకే జంతువూ మారలేదేమో. ఆ మార్పుకి గుర్తుగా మిగిలింది ఆ వంకర తోక.

మనం దాన్ని చూపించి ఏమంటున్నాం? "ఇది మారదు" అంటున్నాం.

ఇది నాకు ఎందుకు అంత గట్టిగా తగిలిందో చెప్తాను.

నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు మా క్లాసులో ఒకడు రోజూ లేటుగా వచ్చేవాడు. మొదటి పీరియడ్ సగంలో తలుపు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు సారు, "కుక్క తోక వంకర, నీకెన్నిసార్లు చెప్పినా అంతే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి వాడి పేరు తోక. హాజరు పట్టీలో తప్ప వాడి అసలు పేరు ఇంకెక్కడా వినపడలేదు.

వాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేపర్లు వేసేవాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోకపోతే వంట కూడా వాడే చేసి వచ్చేవాడట. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పదో తరగతి తర్వాత వాడు చదువు ఆపేశాడు.

పోయినేడు ఒక పెళ్ళిలో కనిపించాడు. సొంత టెంట్ హౌస్ పెట్టుకున్నాడు, పదిమందికి పని ఇస్తున్నాడు. ఆ పెళ్ళి పందిరి వాడిదే. ముహూర్తానికి గంట ముందే అన్నీ సిద్ధం. మా పాత క్లాస్‌మేట్ ఒకడు దూరం నుంచి "ఒరేయ్ తోకా" అని పిలిచాడు. వాడు వెనక్కి తిరిగాడు. నవ్వాడు కూడా. పక్కన వాడి కూతురు నిలబడి ఉంది, పదేళ్ళుంటాయి. "నాన్నా, తోక ఏంటి?" అని అడిగింది.

నాకు ఆ పెళ్ళిభోజనం ఏం తిన్నానో గుర్తులేదు.

మనిషి మారిపోయాడు. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. చూశారా, వంకర పోనిది తోకకి కాదు. మనం పెట్టిన మాటకి.

ఒక మాట జంతువులకి కూడా ఎంత పని చేస్తుందో చూడండి. 2016లో ఒక వీడియో వైరల్ అయింది. మడగాస్కర్‌లో ఇద్దరు పిల్లలు ఒక రింగ్ టెయిల్డ్ లెమర్ వీపు గోకుతున్నారు. ఆపగానే అది "ఇంకా గోకండి" అన్నట్టు వీపు చూపిస్తుంది. వారం తిరక్కుండానే కోట్ల వ్యూస్. అందరి నోటా ఒకటే మాట, "క్యూట్". 2019లో పరిశోధకులు ఆ సమయంలో వచ్చిన ట్వీట్లు తీసి చూశారు. వీడియో వైరల్ అయ్యాక "నాకూ ఒక లెమర్ కావాలి" అనే పోస్టులు పెరిగాయి. పెంపుడు లెమర్ల కోసం వెతకడం కూడా పెరిగింది.

అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువు. గుంపు లేకుండా బతకలేని జంతువు. ఆ నలుపు తెలుపు తోక వెనక వచ్చేవాళ్ళ కోసం ఎత్తే జెండా అని ఇందాక చెప్పుకున్నాం కదా. ఎవరి హాల్‌లోనో ఒంటరిగా ఉంటే ఆ జెండా ఎవరి కోసం ఎత్తాలి? మనం కొట్టిన లైక్, రాసిన "వావ్, ఐ వాంట్ వన్" అక్కడి దాకా పోతుంది. చెడ్డ ఉద్దేశంతో రాయలేదు, నిజమే. సారు కూడా చెడ్డ ఉద్దేశంతో అనలేదు.

అందుకే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది చిన్న విషయం. ఇంగ్లీషువాడు రెండు రకాల తోకల్ని చూసి ఒకే పేరు పెట్టాడు. ఒకటి జెండా, ఒకటి చెయ్యి అని చూడలేదు. ఆకారం చూశాడు, అంతే. మనం కుక్క తోక చూసి వంకర అన్నాం. మనం కూడా ఆకారమే చూశాం. దాని వెనకున్న వేల ఏళ్ళ ప్రయాణం చూడలేదు. క్లాసులో ఒకడు లేటుగా రావడం చూశాం. నాలుగింటికి లేవడం చూడలేదు. కనిపించేదానికి పేరు పెట్టడం చాలా తేలిక. ఆ పేరు మోసేది మాత్రం మనం కాదు.

మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ తీయండి. అసలు పేరు కాకుండా వెక్కిరింపు పేరుతో సేవ్ చేసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. పొట్టోడు, నత్తి, బండ, లేటు, తోక. నేను పెళ్ళి నుంచి ఇంటికొచ్చాక చూసుకున్నాను. నా ఫోన్‌లో నలుగురు దొరికారు. నలుగురి పేర్లూ మార్చాను. ఒకడి అసలు పేరు నాకు తెలియదు. ఇంకొకడికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళ స్నేహం, పేరు తెలియదు. సిగ్గేసింది.

మా టెంట్ హౌస్ వాడికి కూడా ఫోన్ చేశాను. పేరు పెట్టి పిలిచాను. కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత "ఏంట్రా, కొత్తగా?" అన్నాడు. ఆ రోజు క్లాసులో నేనూ నవ్వానని చెప్పాను. "తెలుసులే, నువ్వు రెండో బెంచీ కదా" అన్నాడు. గుర్తుంది వాడికి. అందరికీ గుర్తుంటుంది.

మా మేనల్లుడు మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా తన నోట్‌బుక్‌లో రెండు కాలమ్స్ గీశాడు. కట్ల తోక ఒకవైపు, చుట్ట తోక ఇంకోవైపు. లెమర్, పునుగు పిల్లి, రకూన్, ఈశాన్యంలో ఉండే రెడ్ పాండా కట్ల తోక వైపు. పోసమ్, ఊసరవెల్లి, ఊరపంది చుట్ట తోక వైపు. సముద్ర గుర్రాన్ని ఏ కాలమ్‌లో వేయాలో తెలియక మధ్య గీత మీద రాశాడు. కుక్కని ఎక్కడ వేస్తావురా అని అడిగాను. చుట్ట తోక కిందే రాసి, పక్కన బ్రాకెట్‌లో "మారింది" అని పెట్టాడు.

మీ ఊళ్ళో పునుగు పిల్లిని, ఊసరవెల్లిని ఏమంటారు? కట్లు, చుట్ట కాకుండా తోకకి ఇంకేమైనా మాటలున్నాయా? కామెంట్‌లో రాయండి, మా వాడి నోట్‌బుక్‌లో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఎవరినైనా పిలిచేటప్పుడు పేరు పెట్టి పిలవండి. ఉంటాను.